పెరటి మామిడి కోత డైరీ: మూడు చెట్లు, నాలుగు అంగుళాల తొడిమ

స్థలం: నూజివీడు పక్క పల్లెలో ఒక ఇంటి పెరడు. బంగినపల్లి చెట్లు రెండు, ఒకటి 22 అడుగులు, రెండోది 18. చిన్న రసం చెట్టు ఒకటి, 30 అడుగులకు పైనే ఉంటుంది. పూత, ఎరువు, మందుల సంగతి ఇందులో లేదు. కాయ పక్వానికి వచ్చిన దగ్గర్నుంచి పండై పళ్లెంలోకి వచ్చేదాకా ఏం చేశాం, ఎక్కడ చెడింది, ఏం మార్చాం అన్నదే రాశాం.

కిందటేడు ఈ మూడు చెట్ల నుంచి 412 కాయలు దింపితే 187 పాడయ్యాయి. కొక్కెం దోటితో లాగడం, కింద ఇద్దరు గోనెపట్టా పట్టుకుని నిలబడడం, సాయంత్రానికి గడ్డిలో వేసేయడం. ఊళ్లో అందరూ చేసే పద్ధతే. పారేసే ప్రతి పండునూ కోసి చూసి కారణం రాసి పెట్టాం: దెబ్బ వల్ల 80, ముచ్చిక కుళ్లు వల్ల 71, పండుఈగ వల్ల 36.

కారణం గుర్తుపట్టడం ఇలా:

1. దెబ్బ: పండు పక్కన ఎక్కడో ఒకచోట మెత్తబడుతుంది. కోస్తే తొక్క కింద గోధుమరంగు ముద్ద కనిపిస్తుంది. మిగతా కండ బాగానే ఉంటుంది.
2. ముచ్చిక కుళ్లు: ముచ్చిక చుట్టూ నల్లటి వలయంగా మొదలై రెండు మూడు రోజుల్లో భుజాల మీదుగా కిందికి దిగుతుంది. కండ నీళ్లుగా మారుతుంది.
3. ఈగ: తొక్క మీద సూది గుచ్చినంత మచ్చ, లోపల తెల్లని పురుగులు.

మొదటి రెండూ చెట్టు తప్పు కాదు. అవి మన చేతిలో జరిగినవి. ఈ ఏడాది పనంతా ఆ 151 కాయల మీదే పెట్టాం.


దశ 1: పక్వత (ఏప్రిల్ 14)

పాత దోటితోనే 18 అడుగుల చెట్టు నుంచి 62 కాయలు కోశాం. దోటి మార్చక ముందే కోయడానికి కారణం, పక్వత లెక్క విడిగా తేల్చుకోవాలని. కాయలన్నీ ఒక్కొక్కటిగా నీళ్ల బకెట్‌లో వేశాం. మునిగినవి 22, తేలినవి 40. తేలిన వాటి తొడిమకు ఎర్ర దారం కట్టి, అన్నిటినీ ఒకేచోట గడ్డిలో వేశాం.

తొమ్మిదో రోజు ఫలితం:

మునిగిన 22లో బాగున్నవి 17, ముచ్చిక కుళ్లినవి 5.
తేలిన 40లో తినదగ్గవి 9. మిగిలిన 31 తొక్క ముడతలు పడి, పసుపు తిరిగినా పుల్లగానే ఉన్నాయి.

అరువు తెచ్చిన రిఫ్రాక్టోమీటరుతో రసం తీపి చూస్తే, మునిగిన కాయల పండ్లలో సగటున 17 బ్రిక్స్ (అంటే రసంలో చక్కెర సుమారు 17 శాతం) వచ్చింది. తేలి, తినదగ్గవి అయిన వాటిలో 13. ముడతలు పడ్డవాటిలో 10, 11 దాటలేదు. పక్వానికి రాని కాయలో పిండిపదార్థం సరిపడా చేరి ఉండదు. పిండే మగ్గేటప్పుడు తీపి అవుతుంది కాబట్టి, లేని పిండిని ఏ గడ్డీ తీపి చేయలేదు. తొందరపడి కోసిన కాయకు తర్వాత చేయగల మందేమీ లేదు. తేలిన కాయల్ని ఆ రోజే పప్పులోకీ, పులిహోరలోకీ, ఒరుగులకూ వాడుకోవాల్సింది. గడ్డిలో వేసి 31 కాయలు పోగొట్టుకున్నాం.

నీళ్ల పరీక్షలో చిక్కు ఒకటుంది. కోస్తే గానీ పరీక్ష చేయలేం, కోశాక తేలితే తిరిగి అతికించలేం. అందుకని దీన్ని కన్నుకు తర్ఫీదుగా వాడాలి. మునిగిన 22నూ, తేలిన 40నీ పక్కపక్కన పరిచి చూస్తే తేడాలు ఇలా కనిపించాయి:

1. భుజాలు: మునిగిన కాయలో ముచ్చిక రెండు పక్కలా భుజాలు పైకి లేచి, ముచ్చిక చిన్న గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. తేలిన దాంట్లో భుజాలు ముచ్చిక నుంచి కిందికి జారినట్టు ఉంటాయి.
2. రంగు: ముదురు ఆకుపచ్చ పోయి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండ తగిలే వైపు చూసి మోసపోవద్దు. నీడ వైపు చూడాలి.
3. చుక్కలు: తొక్క మీది సన్న చుక్కలు విడివిడిగా, తెల్లగా తేలి కనిపిస్తాయి.
4. కోసిన కాయలో టెంక కత్తికి లొంగదు. టెంక చుట్టూ కండ తెలుపు నుంచి వెన్నరంగుకు మారి ఉంటుంది.

చిలక కొట్టిన పండో, దానంతట అది మాగి రాలిన పండో చెట్టు కింద కనిపిస్తే పైకొమ్మల్లో పక్వత మొదలైందని అర్థం. చెట్టంతా వచ్చిందని కాదు. ఏప్రిల్ 14న మేం పొరబడింది ఇక్కడే. రెండు పండ్లు రాలాయని ఒక వైపంతా కోసేశాం.

తర్వాత వారానికోసారి చెట్టుకు పది కాయల చొప్పున చూసి, పదిలో ఏడు మునిగాకే ఆ చెట్టు మీద చెయ్యి వేశాం. ఇంకొంచెం నిక్కచ్చిగా కావాలంటే 20 లీటర్ల నీళ్లలో అరకిలో ఉప్పు కలిపిన రెండో బకెట్ పెట్టుకోవచ్చు. మంచినీళ్లలో మునిగి ఉప్పునీళ్లలో తేలినవి దూరం పంపడానికి పనికొస్తాయి. రెండిట్లోనూ మునిగినవి తొందరగా మాగుతాయి, ఇంట్లో ముందు తినాల్సినవి అవే. ఉప్పునీళ్లలో ముంచిన కాయను వెంటనే మంచినీళ్లలో కడగాలి.

మొత్తం ఇప్పటికి: కోసినవి 62, బాగున్నవి 26, పోయినవి 36.


దశ 2: దోటి, చిక్కం (ఏప్రిల్ 16 నుంచి 30)

మొదటి చిక్కం: 10 మి.మీ. ఇనుప చువ్వతో 12 అంగుళాల వలయం, దానికి రెండడుగుల లోతున చేపల వల సంచి, ముందు కొక్కెం. తలే 1,350 గ్రాములు తూగింది. 18 అడుగుల బొంగు చివర అంత బరువు పెడితే బొంగు విల్లులా వంగిపోయి, గురి చూసిన కాయ పక్కది తగులుతుంది. ఖాళీ చిక్కంతోనే పది నిమిషాలకు భుజాలు లాగేశాయి. రాలిన కాయల మీద ప్రయత్నించి, ఒక్క పూటలో పక్కన పెట్టేశాం.

అందులో చూసిన మూడు తప్పులు:

1. రెండడుగుల సంచిలో మూడో కాయ పడేటప్పుడు ముందున్న రెండిటినీ గుద్దుతుంది.
2. నైలాన్ వల ముడులు తొక్క మీద గీతలు పెడతాయి. పచ్చికాయలో కనిపించవు, మాగాక నల్లచారలుగా తేలతాయి.
3. కొక్కెం తొడిమను కోయదు, పీకుతుంది.

రెండో చిక్కం: 6 మి.మీ. చువ్వ, 9 అంగుళాల వలయం, నూలు తాడుతో అల్లిన సంచి, లోతు 10 అంగుళాలు. కంత వెడల్పు అంగుళంన్నర, అంతకంటే ఎక్కువైతే కాయ మొన ఇరుక్కుంటుంది. తల బరువు 620 గ్రాములు. కోయడానికి ముందు హాక్‌సా బ్లేడు కట్టాం. ఒక్కో తొడిమకు ఐదారుసార్లు రాయాల్సి వచ్చింది, ఆ ఊపుకు పక్క కాయలు రాలాయి. బ్లేడు తీసేసి, పాత కొడవలి ముక్క రెండంగుళాలు కోసి, సాన పట్టించి వలయానికి అవతలి అంచున బిగించాం. పదును మన వైపు తిరిగి ఉండాలి. కాయ సంచిలోకి దిగాక దోటిని మన వైపు ఒక్కసారి లాగితే తొడిమ తెగుతుంది.

ఏప్రిల్ 24న దీంతో 88 కాయలు కోశాం. చకచకా సాగింది. దెబ్బ కాయలు 8కి తగ్గాయి. కానీ సొన మచ్చ, దాంతోపాటు వచ్చిన ముచ్చిక కుళ్లు వల్ల 21 పోయాయి. కత్తి బాగా తెగుతున్నా ఇదేమిటని పది కాయల్ని వరసగా కోసి చూస్తే తెలిసింది. కత్తి సరిగ్గా వలయం ఎత్తులో ఉంది. కాయ పూర్తిగా సంచిలోకి దిగాకే తొడిమ కత్తికి అందుతోంది, కాబట్టి కోత ముచ్చికను ఆనుకుని పడుతోంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ డైరీలో మిగతాదంతా మరిచినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. తొడిమలో కాయకు దగ్గరగా చిన్న కణుపులాంటి అతుకు ఉంటుంది. కాయలోని సొన గొట్టాలు ఆ అతుకు దగ్గరికే వచ్చి ఆగుతాయి, లోపల ఒత్తిడితో నిండి ఉంటాయి. అతుకుకు పైన కోస్తే చెమ్మ తప్ప పెద్దగా ఏమీ రాదు. అతుకు దగ్గర విరిగితే చిమ్మనగొట్టంలా చిమ్ముతుంది. మొదటి కొద్ది క్షణాల్లో వచ్చే ఆ పలచటి సొనే చెడ్డది. అందులోని నూనెల వల్లే తొక్క కాలుతుంది. మన చర్మం బొబ్బలెక్కేదీ సొన వల్లే. పైగా ముచ్చిక దగ్గర పచ్చిగాయం ఉంటే, ఎండు పుల్లల్లోనూ తొడిమలోనూ దాగి ఉండే కుళ్లు శిలీంధ్రానికి తలుపు తీసినట్టే.

మూడో చిక్కం: కత్తిని వలయానికి 4 అంగుళాల పైకి లేపాం. రెండు ఇనుప పట్టీలు నిలువుగా వెల్డింగ్ చేయించి, వాటి మీద కత్తిని వి ఆకారంలో బోల్టులతో బిగించాం. తొడిమ ఆ వి లోకి తనంతట జారి వస్తుంది. తల బరువు 710 గ్రాములు. కాయ భుజాలు వలయం దగ్గర ఉన్నప్పుడే తొడిమ తెగుతుంది, మూడు నాలుగు అంగుళాల తొడిమ కాయతో వస్తుంది, కాయ సంచిలో ఐదంగుళాలకు మించి పడదు.

కోసే వరస:

1. చిక్కాన్ని కాయ కింద నుంచి పైకి తేవాలి, పక్క నుంచి కాదు.
2. తొడిమ వి లో పడిందని చూసుకుని ఒక్క లాగు. రెండోసారి లాగాల్సి వస్తే కత్తి మొద్దుబారినట్టు. వంద కాయలకోసారి సాన పట్టాలి.
3. ఒక్క కాయ, మహా అయితే రెండు కాగానే దించాలి. మూడు కాయలంటే ఇంకో కిలో బరువు.
4. చిక్కాన్ని బోర్లించొద్దు. తొడిమ పట్టుకుని పైకెత్తొద్దు. కాయ కింద చెయ్యి పెట్టి తీయాలి.
5. గడ్డి పరిచిన బుట్టలో రెండు వరసలే పేర్చాలి, తొడిమ పక్క కాయకు గుచ్చుకోకుండా.

బొంగు మొదలు చేతి వైపు, సన్నటి కొస చిక్కం వైపు ఉండాలి. పచ్చిబొంగు బరువెక్కువ, నెల ఎండినది వాడండి. 18 అడుగుల బొంగుకు మొదలు నుంచి నాలుగో అడుగు దగ్గర గుడ్డ చుట్టుకుంటే పట్టు జారదు.

కరెంటు తీగ గురించి: 22 అడుగుల చెట్టు కొమ్మ ఒకటి ఇంటికి వచ్చే సర్వీసు తీగ వైపు సాగింది. ఆ వైపున్న కాయలు కోయలేదు, రాలితే రాలాయి. అల్యూమినియం గొట్టంతో దోటి తేలిగ్గా ఉంటుందని చాలామంది చెబుతారు. తీగ కనుచూపు మేరలో ఉంటే అది ముట్టుకోవద్దు. తడిసిన వెదురు కూడా షాక్ కొడుతుంది. తీగ పక్క కొమ్మ కోయాలంటే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే.

ఖర్చు ఇప్పటికి: బొంగు 160, చువ్వ, వెల్డింగు 180, నూలు తాడు 70, కొడవలి ముక్క సాన 60, పట్టీలు, బోల్టులు 50. మొత్తం 520 రూపాయలు.
కాయలు: కోసినవి 150, బాగున్నవి 85, పోయినవి 65.


దశ 3: సొన కార్చడం (మే 1)

తొడిమతో వచ్చిన కాయను అలాగే గడ్డిలో వేయకూడదు. కదిలేటప్పుడు తొడిమ విరిగి పక్క కాయ మీద సొన పడుతుంది. నీడలో కూర్చుని, మనం అనుకున్నచోట, మనం అనుకున్నప్పుడు విరవాలి.

మొదట పది కాయల్ని గోనెపట్టా మీద పక్కకు పడుకోబెట్టి విరిచాం. సొన తొక్క మీదుగా పారింది. అరగంట తర్వాత మంచినీళ్లతో కడిగాం, లాభం లేదు. సొన నీళ్లకు లొంగేది కాదు, ఆరితే అసలే పోదు. రెండు రోజులకు ఆ పది కాయల మీద నల్లటి ధారలు తేలాయి. లోపల కండ బాగానే ఉంది కాబట్టి వాటిని పోయిన లెక్కలో వేయలేదు. అయినా ఎవరింటికీ పంపలేం.

తర్వాత కుదిరిన పద్ధతి నులక మంచంతో. నులక కాస్త వదులుగా ఉన్న పాత మంచం నీడలో వేసి, కింద వరిపొట్టు పోసి:

1. చేతులకు కొబ్బరినూనె రాసుకుని గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. కంట్లో పడకుండా కళ్లద్దాలు ఉంటే మంచిది.
2. కాయను తలకిందులుగా, ముఖానికి దూరంగా పట్టుకుని, తొడిమను అతుకు దగ్గర విరవాలి.
3. మొదటి చిమ్ము నేల మీద పడనిచ్చి, ముచ్చిక కిందికి వచ్చేలా నులక సందులో కాయను కూర్చోబెట్టాలి.
4. అరగంట కదపొద్దు. సొనలో ఎక్కువ భాగం మొదటి ఐదారు నిమిషాల్లోనే కారిపోతుంది, మిగతాది బొట్టుబొట్టుగా వస్తుంది.
5. సున్నపు నీళ్లలో ముంచి తీసి, వెంటనే మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టాలి.

సున్నపు నీళ్లు: 20 లీటర్లకు ఆర్చిన సున్నం 100 గ్రాములు. సున్నం నీళ్లు పులుపు గుణమున్న సొనను విరిచి తొక్క మీద అంటుకోనివ్వవు. గుల్ల సున్నాన్ని నేరుగా బకెట్‌లో వేయొద్దు, నీళ్లు సలసలా కాగుతాయి. ముందు రోజే మట్టికుండలో ఆర్చి పెట్టుకోవాలి. కలిపిన సున్నం అడుగుకు దిగుతుంది కాబట్టి ప్రతి ఇరవై కాయలకు కర్రతో తిప్పాలి. చివరి కడుగుడు మానేస్తే తొక్క మీద తెల్లటి పొర మిగులుతుంది.

ఏ వేళలో కోయాలన్నది కూడా కొలిచి చూశాం. పొద్దున ఆరింటికి పది కాయలు, మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు పది కాయలు, అదే చెట్టు, అదే వైపు. సొనను గ్లాసులో పట్టి నగల తూకంలో తూచాం. పొద్దున 11 గ్రాములు, మధ్యాహ్నం 6. రాత్రంతా నీరు పట్టిన కాయలో ఒత్తిడి ఎక్కువ. అలాగని మే నెల మధ్యాహ్నం కోస్తే కాయ లోపలిదాకా వేడెక్కి ఉంటుంది, ఆ వేడి గడ్డిలోకీ వస్తుంది. మనిషికీ వడదెబ్బే. మంచు ఆరాక ఎనిమిదిన్నర నుంచి పదిన్నర లోపు కోయడం దగ్గర స్థిరపడ్డాం.

మే 1న ఇలా కోసినవి 104. దెబ్బ ఒక్కటీ లేదు. ముచ్చిక కుళ్లు 6, ఈగ 2. ఇంకో 19 పోవడానికి కారణం గడ్డి. అది తర్వాతి దశ.

ఖర్చు: సున్నం 20 కలిపి 540 రూపాయలు.
కాయలు: కోసినవి 254, బాగున్నవి 162, పోయినవి 92.


దశ 4: మగ్గేయడం (మే 2 నుంచి 16)

ఆ 104 కాయల్నీ సిమెంటు రేకుల కొట్టులో, మూడు వరసలుగా, వరసకీ వరసకీ మధ్య గడ్డి వేసి, పైన గోనెలు కప్పి తలుపు మూశాం. వేడి ఉంటేనే తొందరగా మాగుతాయన్నది అందరి నమ్మకం. మధ్యాహ్నం రెండింటికి గదిలో 38 డిగ్రీలు, గడ్డి మధ్యలో 40. నాలుగో రోజు తీస్తే మధ్య వరస కాయలు తొక్క పచ్చగానే ఉండి లోపల మెత్తబడ్డాయి, పులిసిన వాసన. 19 పారేశాం. మామిడికి మాగడానికి 20 నుంచి 22 డిగ్రీలు బాగా నప్పుతుంది. 35 దాటితే తొక్క రంగు తిరగడం ఆగిపోతుంది, లోపల కండ మాత్రం చెడుతూనే ఉంటుంది. మన ఇళ్లలో మే నెలలో 22 ఎక్కడ వస్తుంది? కానీ 31 వస్తుంది. ఉత్తరపు గదిలో గచ్చు నేల మీద, కిటికీకి తడిపిన గోనెపట్టా కడితే పగలంతా 30, 31 దాటలేదు.

మార్చిన పద్ధతి:

1. బాగా ఎండిన కొత్త వరిగడ్డి మూడంగుళాల మందం. కిందటేటి గడ్డి, చెమ్మ తగిలిన గడ్డి బూజు పట్టిస్తాయి.
2. కాయలు ఒకే వరస, ముచ్చిక కిందికి, ఒకదానికొకటి తగలకుండా.
3. పైన పలచగా గడ్డి. గోనె కప్పొద్దు.
4. రెండో రోజు నుంచి రోజుకోసారి గడ్డి తీసి చూడాలి. ముచ్చిక దగ్గర నల్లబడ్డది కనిపిస్తే అప్పుడే తీసేయాలి.
5. బొటనవేలితో నొక్కి చూడొద్దు. నొక్కిన చోటే మర్నాడు మచ్చ. అరచేతిలో పట్టుకుంటే భుజాల దగ్గర మెత్తదనం తెలుస్తుంది, వాసన అంతకంటే ముందే చెబుతుంది.

మే 8న 22 అడుగుల చెట్టు నుంచి 96 కోశాం. 66 గడ్డిలో వేశాం. 30 కాయల్ని అట్టపెట్టెలో నాలుగు మాగిన అరటిపండ్లతో పెట్టి మూత మూశాం. అరటిపండు వదిలే ఇథిలీన్ మామిడిని మాగిస్తుంది. పన్నెండు గంటలకోసారి మూత తీసి ఐదు నిమిషాలు గాలాడనిచ్చాం, ఒకటిన్నర రోజుకు అరటిపండ్లు తీసేశాం. పెట్టెలోవి నాలుగో రోజుకు పసుపు తిరిగాయి, గడ్డిలోవి ఆరు, ఏడు రోజులు పట్టాయి. తీపిలో తేడా లేదు.

ఇంతమాత్రం చాలినప్పుడు కార్బైడ్ జోలికి ఎందుకు పోవాలి? కాల్షియం కార్బైడ్ వదిలే ఎసిటిలీన్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కాయ మీదికి చేరతాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో దాంతో పండ్లు మాగించడం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) వరకు వాడొచ్చని ఆహార భద్రత సంస్థ అనుమతించింది. అది వ్యాపారపు గదులకు. పెరటి కాయకు అరటిపండు చాలు.

వేడినీటి స్నానం కూడా ఈ విడతలోనే చూశాం. మాగేటప్పుడు తేలే నల్లమచ్చ తెగులు ఆపడానికి 52 డిగ్రీల నీటిలో 5 నిమిషాలు. ముందుగా ఆరు రాలుడు కాయల మీద చేసి చెడగొట్టుకున్నాం. పొయ్యి మీదున్న గుండిగలోనే వేయడంతో అడుగున 57 డిగ్రీలకు పోయి తొక్క ఉడికింది. తర్వాత 40 లీటర్ల గుండిగ పొయ్యి మీంచి దించి, నీళ్లు కర్రతో తిప్పుతూ, 54 దగ్గర పది కాయలు వేశాం. కాయలు పడగానే 52కి దిగింది. చెంబుడు వేడినీళ్లు అప్పుడప్పుడు పోస్తూ నిలబెట్టాం. తీయగానే మంచినీళ్లలో చల్లార్చి ఆరబెట్టాలి. 96లో సగానికి చేశాం. మాగాక చేసిన 48లో మచ్చలు తేలినవి 3, చేయని 48లో 14. తినడానికి అడ్డంకి కాని చిన్న మచ్చలే కాబట్టి నష్టంలో వేయలేదు. ఇది ముచ్చిక దెబ్బనూ నయం చేయదు, లోపల చేరిన ఈగ గుడ్లనూ చంపదు. బంధువులకు పంపేవాటికి చేయండి, ఇంట్లో తినేవాటికి అంత శ్రమ అక్కర్లేదు.

96లో పోయినవి 9: ఈగ 5, ముచ్చిక కుళ్లు 3, దెబ్బ 1.

ఖర్చు: థర్మామీటరు 250 కలిపి 790 రూపాయలు.
కాయలు: కోసినవి 350, బాగున్నవి 249, పోయినవి 101.


దశ 5: చిన్న రసం (మే 20, 26)

రసం కాయ తొక్క పలచన, మాగితే పిసికి జుర్రుకునే పండు, దెబ్బకు అసలు ఆగదు. చెట్టు పొడవుకు దోటి చాలదు. మనిషి మొదటి పంగ దాకా ఎక్కి, 12 అడుగుల పొట్టి దోటితో కోసి, తాడు కట్టిన బుట్టలో దించాడు. పైనుంచి గోనెపట్టాలోకి విసరడం పూర్తిగా మానేశాం. ఇరవై అడుగుల నుంచి పడిన కాయ పట్టా మీద పడినా లోపల చితుకుతుంది, పైకి ఆ రోజు ఏమీ కనిపించదు. ఎక్కే ముందు ఆకులు కలిపి కట్టిన ఎర్రచీమల గూళ్లున్న కొమ్మలు చూసి పెట్టుకోవాలి. చీమలు కుట్టినప్పుడే చెయ్యి వదిలేస్తారు. నడుముకు తాడు కట్టుకుని కొమ్మకు ముడేయనిదే పైకి పోవద్దు.

మే 18న వాన పడింది. రెండు రోజులకే, మే 20న 40 కాయలు కోశాం. 12 పోయాయి, అన్నీ ముచ్చిక నుంచే. నీరు పట్టిన కాయలు సొన విపరీతంగా కార్చాయి, తడి కొమ్మల్లో శిలీంధ్రమూ రేగి ఉంటుంది. మిగతావి ఆపి మే 26న పొడి ఎండలో 90 కోస్తే పోయినవి 5. వాన తర్వాత నాలుగైదు రోజులు ఆగితే రాలేవాటి కంటే మిగిలేవే ఎక్కువ.

రసాలకు ఒక్క మార్పు: గడ్డిలో నాలుగో రోజు నుంచి పూటకోసారి చూడాలి. బంగినపల్లిలా ఒకరోజు ఆగవు.

ఈగకు చేసింది కొంచెమే. రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి, నల్ల పాలిథిన్ సంచిలో మూతి కట్టి వారం ఎండలో పడేశాం. చెట్టు కింద వదిలేస్తే పురుగు మట్టిలో దిగి కోశస్థ దశకు పోయి మళ్లీ ఈగై లేస్తుంది. మగ ఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు రెండు కట్టాం, కానీ మేలో కట్టాం. పిందెలు గోలీకాయ దాటగానే కట్టాల్సింది. వాటి ధర 180.

ఖర్చు మొత్తం: 970 రూపాయలు.
కాయలు మొత్తం: కోసినవి 480, బాగున్నవి 362, పోయినవి 118. అందులో మొదటి మూడు విడతలవే 92.


దశ 6: కోత తర్వాత (జూన్ 8)

ఎండిపోయిన పూగుత్తి కాడలు, చచ్చిన పుల్లలు మూడు చెట్ల నుంచీ తీసేశాం. ముచ్చిక కుళ్లు శిలీంధ్రం ఏడాదంతా ఉండేది వాటిలోనే. మధ్యలో నిలువుగా పోయిన కొమ్మ ఒకటి 22 అడుగుల చెట్టుకు కోశాం, వచ్చే ఏడు దోటి 14 అడుగులు చాలుతుంది. కోసిన చోట్ల బోర్డో పేస్టు పూశాం: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు ఒక లీటరు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలపాలి, ఇనుప పాత్ర వాడొద్దు. పుల్లలు, కాడలు కుప్పగా పెరట్లో వదలకుండా తగలబెట్టాం.

చిక్కం కత్తికి గ్రీజు పూసి గుడ్డ చుట్టాం. నూలు సంచి విప్పి, సొన మరకలు కిరసనాయిలుతో తుడిచి, ఉతికి ఆరేశాం. బొంగును నేల మీద నిలబెట్టకుండా వసారా దూలాలకు అడ్డంగా రెండు తాళ్లతో వేలాడదీశాం. నిలబెడితే చెద పడుతుంది, వంగుతుంది. కణుపుల దగ్గర సన్నటి పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే, ఆ బొంగు వచ్చే ఏప్రిల్‌కు పనికిరాదు. ఇప్పటికి పొడి లేదు.